పన్నెండు మీటర్ల గీత, పది సెంటీమీటర్ల మనిషి: సిరొంచ ప్రదర్శనశాల ప్రాజెక్టు డైరీ

గది, పైకప్పు

మహారాష్ట్రలో, తెలంగాణ సరిహద్దున ఉన్న సిరొంచలో డైనోసార్ల కాలాన్నీ రాతి యుగాన్నీ చూపించే ప్రదర్శనశాలగా మారుస్తున్న పాత ధాన్యం గోదాం ఇది. లోపల 13.2 మీటర్ల పొడవు, 7.8 మీటర్ల వెడల్పు, గోడల ఎత్తు 3.6 మీటర్లు. నేల గట్టి కాంక్రీటు కాబట్టి బరువుల బెంగ లేదు. బెంగంతా పైనున్న పాత సిమెంటు రేకులతోనే. వీటిలో ఆస్‌బెస్టాస్ ఉంటుంది. డ్రిల్లు పెట్టినా, కోసినా, గీకినా దుమ్ము ఊపిరితిత్తుల్లోకి పోతుంది. అందుకని లైట్ల పట్టాలు, ఫాల్స్ సీలింగు మొత్తం గోడ నుంచి గోడకు వేసిన 100×50 మి.మీ. బాక్సు గొట్టాల మీద, మధ్యలో ఒక వరస సన్నటి స్తంభాల మీద నిలబెట్టాం. రేకుకు ఒక్క స్క్రూ కూడా తగలదు. సీలింగుకూ రేకుకూ మధ్య 300 మి.మీ. ఖాళీ వదిలి రెండు చివర్లా జాలీలు పెట్టాం. వేడి గాలి పోవడానికి దారి లేకపోతే వేడిని ఆపే రాక్‌వూల్ ఎంత మందం పరిచినా సాయంత్రానికి అది కూడా వేడెక్కి కూర్చుంటుంది.

చెదలు ఈ ఊళ్లో ఖాయం. గోడా నేలా కలిసే చోట ప్రతి 300 మి.మీ.కు ఒక 12 మి.మీ. రంధ్రం వేసి మందు పట్టించి మూశాం. దానికంటే పనికొచ్చేది ఇంకోటి ఉంది. కట్టె సామాను ఏదైనా గోడకు 50 మి.మీ. ఎడంగా, స్టీలు కాళ్ల మీద ఉంచాలి. చెదపురుగు మట్టి గొట్టం కట్టుకుంటూ పైకి రావాలి కాబట్టి, వారానికోసారి టార్చి వేసి చూస్తే దొరికిపోతుంది.

గీత

గదికి అసలు నక్షా గోడల దగ్గర మొదలవలేదు, ఒక ప్రశ్న దగ్గర మొదలైంది. సిరొంచ తాలూకాలో పోచంపల్లి దగ్గర దొరికిన ఎముకల నుంచే బారాపాసారస్ అనే శాకాహార డైనోసార్‌కు 1975లో పేరు పెట్టారు. సుమారు 14 మీటర్ల జంతువు. దాని అస్థిపంజరం కోల్‌కతాలోని ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌లో ఉంది. ప్రాణహిత అవతల యామన్‌పల్లిలో దొరికిన కోటాసారస్ అనే ఇంకో డైనోసార్ హైదరాబాద్ బిర్లా మ్యూజియంలో నిలబడి ఉంది. ఈ ఎముకలు దొరికిన రాతిపొరకు కోటా అనే పేరు మన పక్క ఊరిదే. ఇంకోవైపు చంద్రపూర్ దగ్గర పాపామియా టేకడీ మీద పాత రాతి యుగపు పనిముట్లు దొరికాయి. ఈ రెండింటినీ ఒకే గదిలో పెడితే చూసే పిల్లలు మొదట అడిగేది ఒక్కటే: "ఈ గొడ్డలితోనే డైనోసార్‌ను కొట్టేవాళ్లా?" తప్పు పిల్లలది కాదు. పక్కపక్కన పెట్టిన వస్తువులు పక్కపక్క కాలాలవే అనిపించడం సహజం. గది ఆ అపోహను మాటలతో కాకుండా కాళ్లతో పోగొట్టాలి. మిగతా నిర్ణయాలన్నీ దీన్నుంచే వచ్చాయి.

నేల మీద 12 మీటర్ల ఇత్తడి గీత. మొదలు సుమారు 18 కోట్ల ఏళ్ల కింద, అంటే కోటా పొర కాలం, చివర ఇవాళ. 1 సెం.మీ.కు లక్షన్నర ఏళ్లు. ఈ లెక్కన డైనోసార్లు అంతరించిన 6.6 కోట్ల ఏళ్ల నాటి గుర్తు చివరి నుంచి 4.4 మీటర్ల దగ్గర పడుతుంది. అక్కడ ఒక నల్లరాతి పలక పొదిగాం, ఎందుకంటే దక్కను లావా పొంగిన కాలం కూడా అదే, విదర్భలో కనబడే నల్లరాయి ఆ లావాదే. ఆ తర్వాత నాలుగు మీటర్లకు పైగా ఏమీ లేదు. తమిళనాడు అత్తిరంపాక్కంలో దొరికిన, మన దేశంలో అత్యంత పాతవైన చేతిగొడ్డళ్ల వయసు సుమారు 15 లక్షల ఏళ్లు. అది చివరి నుంచి 10 సెం.మీ. మొరాకోలో దొరికిన, మన జాతి మనిషివిగా చెప్పే మొదటి ఎముకలు సుమారు 3 లక్షల ఏళ్లవి, 2 సెం.మీ. అయిదు వేల ఏళ్ల కిందటి పైరు, పశువు, కుండ మిల్లీమీటరులో మూడో వంతు. ఆ మందాన్ని గీయడానికి ఇత్తడి మీద సూదితో ఒక గాటు చాలు.

గీతను ఎలా వేయాలన్నది వేరే సంగతి. 25 మి.మీ. వెడల్పు ఇత్తడి పట్టీని 12 మీటర్లు ఏకంగా వేయకూడదు. చలికాలానికీ ఎండాకాలానికీ గదిలో 30 డిగ్రీల తేడా ఉంటే పట్టీ దాదాపు 7 మి.మీ. సాగుతుంది, మధ్యలో పొంగి లేస్తుంది, చెప్పులకు తగులుతుంది. అందుకని 1.2 మీటర్ల ముక్కలు పది, మధ్యలో 1 మి.మీ. సందు. ఒక్కో ముక్క కోటీ 80 లక్షల ఏళ్లు. గాడి లోతు 6 మి.మీ.; కింద ఇసుక కలిపిన ఎపాక్సీ, పైన పట్టీ నేలతో సమానంగా రావాలి. గాడి కోసేటప్పుడు నీళ్లు పోస్తూ కోయకపోతే దుమ్ముతో గదిలో మనిషి కనపడడు. సీలింగు పని అయ్యాకే ఈ పని పెట్టుకుంటే సీలింగు మళ్లీ కడగాల్సి వస్తుంది. ముందు నేల, తర్వాత పైకప్పు.

మధ్యలో ఖాళీగా ఉన్న జాగాను ఏదైనా బొమ్మతో నింపమని చూసినవాళ్లంతా అడిగారు. నింపలేదు, నింపం. ఆ ఖాళీయే ఈ గదిలో అన్నిటికంటే విలువైన ప్రదర్శన. ముసలివాళ్లు కూర్చోవడానికి ఒక బెంచీ మాత్రం వేశాం.

చివరి 10 సెం.మీ. దగ్గర గీత పడమటి గోడ ఎక్కుతుంది. గోడ మీద ఆ 10 సెం.మీ.లే 7.5 మీటర్లుగా విప్పాం, 1 సెం.మీ.కు 2,000 ఏళ్లు. అత్తిరంపాక్కంలోనే చేతిగొడ్డళ్లు తగ్గి చిన్న పెచ్చుల పనిముట్లు వచ్చిన దశ 3.85 లక్షల ఏళ్లది. అది చివరి నుంచి 192.5 సెం.మీ. దగ్గర. విదర్భలోని పెద్దరాతి సమాధులు ఇక్కడ కూడా చివరి ఒకటిన్నర సెం.మీ.లోనే ఇరుక్కుంటాయి. కాబట్టి మూడో గీత, బల్ల మీద, 2 మీటర్లు, 10,000 ఏళ్లు, 1 సెం.మీ.కు 50 ఏళ్లు. జునాపానీ, మహుర్‌ఝరీ లాంటి సమాధుల చోట్లు ఇందులో చివరి నుంచి 60, 46 సెం.మీ.ల మధ్య హాయిగా కూర్చుంటాయి. మూడు గీతలకూ మూడు రంగులు వాడాం. కొలత మారిన చోట నేల మీద అడ్డంగా ఎర్ర పట్టీ. అది లేకపోతే మూడూ ఒకే కొలత అనుకుంటారు.

పెట్టెలు

ఆలాపల్లి టేకు ఇక్కడ చేతికందే సరుకు. వడ్లాయన మొదటి మాట కూడా టేకే. బయటి చట్రానికి టేకు చాలా మంచిది. లోపలికి మాత్రం వద్దు. టేకుతో సహా ఏ కట్టె అయినా ఎంతో కొంత ఆమ్లపు ఆవిరి వదులుతుంది. మూసిన పెట్టెలో అది పేరుకుని గవ్వలు, ఎముకలు, సీసం వంటి వాటిని తినేస్తుంది. గవ్వ మీద తెల్లటి బూజులాంటి పొడి పేరుకుంటే అది బూజు కాదు, ఆమ్లంతో గవ్వలోని సున్నం కరిగి ఏర్పడిన ఉప్పు. కట్టె పొట్టును జిగురుతో నొక్కి చేసే ఎం.డి.ఎఫ్. పలక ఇంకా అన్యాయం, అందులోని జిగురు ఫార్మాల్డిహైడ్ వదులుతుంది. లోపలి పళ్లెం, వెనక పలక పౌడర్ కోటింగు వేసిన అల్యూమినియం. పలక మీద గుడ్డ కావాలంటే నాలుగైదు సార్లు ఉతికి గంజి పోయిన, రంగు వేయని నూలు గుడ్డ.

సీలెంటు దగ్గర చాలామంది దెబ్బతింటారు. హార్డ్‌వేర్ దుకాణంలో మామూలుగా ఇచ్చే సిలికాన్ ఆరేటప్పుడు వెనిగర్ వాసన వస్తుంది. ఆ వాసనే ఎసిటిక్ ఆమ్లం. 'న్యూట్రల్ క్యూర్' అని రాసి ఉన్నదే అడిగి తెచ్చుకోవాలి, అది కూడా పూసిన తర్వాత రెండు వారాలు తలుపు తెరిచి ఉంచాలి. కొత్త సరుకు దేన్నయినా వాడే ముందు, అది వదిలే ఆవిరి లోహాన్ని తింటుందా అని చూసే ఓడీ పరీక్ష చేస్తే మంచిది. మూత గట్టిగా బిగిసే గాజు సీసాలో సరుకు ముక్క, కాసిన్ని నీళ్లు, వెండి, రాగి, సీసం రేకులు వేరువేరుగా వేలాడదీసి 60 డిగ్రీల దగ్గర 28 రోజులు ఉంచాలి. పక్కన సరుకు లేని సీసా ఒకటి ఉండాలి, పోల్చడానికి. సీసం రేకు తెల్లబడితే ఆ సరుకు పెట్టెలోకి రాకూడదు.

అద్దం 8.38 మి.మీ. లామినేటెడ్, అంటే మధ్యలో ప్లాస్టిక్ పొర ఉన్నది. టఫెన్డ్ అద్దం గట్టిదే, కానీ పగిలితే గులకలుగా వస్తువుల మీద పడుతుంది. లామినేటెడ్ పగిలినా చోటు వదలదు. బల్ల పెట్టెల పైఅంచు నేల నుంచి 800 మి.మీ., కింద మోకాళ్లకు 700 మి.మీ. ఖాళీ. చక్రాల కుర్చీలో ఉన్నవాళ్లూ నాలుగో తరగతి పిల్లలూ ఇద్దరూ వంగకుండా చూడగలిగే ఎత్తు అదే.

వెలుతురు, ఒక్క చేతిగొడ్డలి

రాయి వెలుతురుకు చెడిపోదు, 300 లక్స్ (వెలుతురు కొలత) వరకు ఇవ్వచ్చు. గుడ్డ, ఈకలు, ఆకులు, పాత కాగితం ఉన్న చోట మాత్రం 50 లక్స్ దాటనీయకూడదు. ఎంత వెలుతురు అన్నదానికంటే ఎటునుంచి అన్నది ముఖ్యం. చేతిగొడ్డలిని ఎదురుగా వచ్చే తెల్లటి వెలుతురులో పెడితే అదొక బండరాయి, అంతే. అదే లైటును ఎడమ పై మూల నుంచి, రాతి ముఖానికి 20 నుంచి 30 డిగ్రీల కోణంలో వాల్చితే ఒక్కో దెబ్బకు లేచిన పెచ్చు గుంట విడివిడిగా కనబడుతుంది. దెబ్బ తగిలిన చోటి నుంచి అలలు విచ్చుకున్నట్టున్న గీతలు, అంచు పొడవునా చివరగా కొట్టిన చిన్న చిన్న పెచ్చులు, ఏది ముందు ఏది వెనక అన్న వరస కూడా తెలుస్తుంది. ఎడమ పై మూల ఎందుకంటే రాతి పనిముట్ల బొమ్మలు గీసే వాళ్ల పద్ధతి అదే, పక్కన పెట్టిన బొమ్మలో నీడా పెట్టెలోని నీడా ఒకే వైపు పడతాయి. లైట్లు 3,000 కెల్విన్, అంటే వెచ్చటి రంగువి, రంగులు ఎంత నిజంగా కనబడతాయో చెప్పే సి.ఆర్.ఐ. 90 పైన, కిరణం 15 డిగ్రీలు. పెట్టె బయటే ఉండాలి. లోపల పెడితే గాలి వేడెక్కి తేమ తలకిందులవుతుంది.

మొత్తం 36 స్పాట్ లైట్లు, ఒక్కోటి 7 వాట్లు, కలిపి 252. కరెంటు పోతే ఆగకూడదని 12 వోల్టుల, 150 ఆంపియర్ అవర్ బ్యాటరీలు రెండు పెట్టాం. సగం వరకే వాడుకుంటే, ఇన్వర్టర్ నష్టం తీసేసినా అయిదున్నర గంటలు వస్తుంది. వేడిలో బ్యాటరీ తొందరగా ముసలిదవుతుంది కాబట్టి దాన్ని ఉత్తరం వైపు, గాలి ఆడే చోట, గదికి బయట పెట్టాం.

గొడ్డలిని పట్టే స్టాండు 3 మి.మీ. ఇత్తడి కడ్డీ. కింద రెండు వేళ్లు బరువు మోస్తాయి, పైన ఒకటి ముందుకు పడకుండా ఆపుతుంది. నాలుగోది పెట్టకూడదు. మూడు చోట్ల ఆనిన రాయి ఎప్పుడూ కుదురుగా కూర్చుంటుంది. నాలుగోది పెడితే ఏదో ఒకటి ఆనక ఊగుతుంది. కడ్డీ తాకే చోట వేడి చేస్తే బిగిసే పాలీఒలిఫిన్ ష్రింకు గొట్టం తొడగాలి. పి.వి.సి.ది చవక, కానీ అది క్లోరిన్ ఉన్న ఆమ్లపు ఆవిరి వదిలి ఇత్తడిని ఆకుపచ్చగా చేస్తుంది. వేళ్లు ఎప్పుడూ పెచ్చు గుంటల్లోకి రావాలి, అంచు మీదికి రాకూడదు.

రోహిణి కార్తె

ఎండలు ముదిరాక తలుపులు మూసిన గదిలో, ఏ.సి. లేకుండా, 44 డిగ్రీలు. మ్యూజియం పనిలో అతుకులకు అందరూ వాడేది పారలాయిడ్ బి-72. తర్వాత ఎప్పుడైనా అసిటోన్‌తో విప్పుకోవచ్చు, పసుపెక్కదు, నమ్మకమైన సరుకు. కాని అది సుమారు 40 డిగ్రీల దగ్గర మెత్తబడుతుంది. చల్లటి దేశాల పుస్తకాలు చూసి వాడితే సిరొంచలో మే నెలలో కుండ అతుకు నెమ్మదిగా జారుతుంది. పగిలిపోదు, అందుకే వెంటనే తెలియదు. కొన్ని వారాల తర్వాత మూతి వంకరపోయి కనిపిస్తుంది. అదే రకంలో బి-44 దాదాపు 60 డిగ్రీల వరకు నిలబడుతుంది, కానీ పెళుసు. రెండూ సగం సగం కలిపింది కుండలకు బాగుంది. బరువున్న మూతి ముక్కలకు అతుకును నమ్మకుండా కింద నుంచి పాలిథిలీన్ ఫోమ్ దిమ్మె ఆసరా ఇచ్చాం.

ఎముక నకలు కూడా ఇదే వేడిలో పోయాల్సి వచ్చింది. బారాపాసారస్ తొడ ఎముక నమూనాకు ఫైబర్ గ్లాసు: ముందు జెల్ కోటు, దాని మీద చదరపు మీటరుకు 450 గ్రాముల గాజు నార మ్యాటు మూడు వరసలు, మొత్తం సుమారు 4 మి.మీ. మందం, లోపల బోలు. డబ్బా మీద రాసిన 2 శాతం హార్డ్‌నర్ ఈ వేడిలో వేస్తే బ్రష్ ముంచేలోపే రెసిన్ గడ్డకడుతుంది, మందంగా ఉన్న చోట పగుళ్లిస్తుంది. తెల్లారుజామున, 1 శాతంతో, ఒక్కసారికి అర కిలోకు మించి కలపకుండా చేస్తే వరస కుదురుతుంది. ఒక జాగ్రత్త ప్రాణాల మీదిది. కోబాల్ట్ యాక్సిలరేటర్, హార్డ్‌నర్ రెండింటినీ నేరుగా కలపకూడదు, పేలుతుంది. ముందు ఒకటి రెసిన్‌లో పూర్తిగా కలిశాకే రెండోది.

నకలు నకలే అని తెలియాలి. ఎముక వెనక భాగానికి రంగు వేయకుండా ఫైబర్ కనబడేలా వదిలేశాం, పిల్లలు వెనక్కి వెళ్లి చూడచ్చు.

ముట్టుకునే బల్ల

అసలు పనిముట్లన్నీ రసీదు మీద అప్పుగా వచ్చినవి, అద్దం వెనకే ఉంటాయి. ముట్టుకోవడానికి కొత్తగా కొట్టినవి చేయించాం. చేతిగొడ్డళ్లు మూడు, పెచ్చులు పది, సూక్ష్మ రాతి పనిముట్లు ముప్పై. సూక్ష్మ రాతి పనిముట్లంటే ఒకటి నుంచి మూడు సెం.మీ.ల చెకుముకి ముక్కలు. విడిగా చేతికిస్తే ఎవరికీ ఏమీ అర్థం కాదు. వెదురు బద్దకు గాడి తీసి, బంకలో తేనె మైనం కలిపి ఏడెనిమిది ముక్కలు వరసగా పొదిగితే కొడవలి అవుతుంది. గడ్డి కోసి చూపిస్తే చాలు, లేబులు అక్కర్లేదు. ఒక ముక్క విరిగితే దాన్నొక్కదాన్నే మార్చుకోవచ్చన్న తెలివి చేతికే తెలుస్తుంది.

కొత్త పనిముట్టు ప్రతిదానికీ వజ్రపు సూదితో సంవత్సరం గీయాలి. రాసిన సిరా చెరిగిపోతుంది, వందేళ్ల తర్వాత అది ఎవరి చేతిలో పడుతుందో తెలియదు. రాయి కొట్టగా మిగిలిన పెచ్చులు ఇంకా ముఖ్యం. నది ఒడ్డున పారబోస్తే లేని రాతి యుగపు చోటు ఒకటి పుట్టుకొస్తుంది, ఏ పరిశోధకుడో దాన్ని నిజమనుకుంటాడు. ప్లాస్టిక్ టార్పాలిన్ మీదే కొట్టాలి, మిగిలిందంతా సంచిలో కట్టి అడుగున ఈ ఏటి రూపాయి నాణెం ఒకటి వేసి గుంటలో పూడ్చాలి. కళ్లద్దాలు, మాస్కు తప్పనిసరి. చెకుముకి దుమ్ము సిలికా.

రాక్షస గుడి అని ఊళ్లల్లో పిలిచే రాతి గది నమూనా కూడా ఇక్కడే. 1.8×0.9 మీటర్ల కప్పు రాయిని 75 మి.మీ. మందంతో నిజం ఇసుకరాతిలో పెడితే దాదాపు 290 కిలోలు. పిల్లలు కింద దూరే చోట అది వద్దనుకున్నాం. కోడి జాలీ మీద 25 మి.మీ. ఫెర్రోసిమెంటు, 97 కిలోలు, నాలుగు మూలలా లోపల ఇనుప కాళ్లు. పక్కనే అసలు రాతి పలక ముక్క ఒకటి విడిగా, చేత్తో తట్టి చూసుకోవడానికి.

లేబుళ్లు

సిరొంచలో ఇంట్లో తెలుగు మాట్లాడి, బడిలో మరాఠీ చదివే పిల్లలు చాలామంది. తాతలకు తెలుగు వినడమే వచ్చు, చదవడం రాదు. కాబట్టి రెండు లిపులూ సమానంగా, ఏదీ ఇంకోదాని కింద చిన్నగా కాదు. తెలుగు, గోండీ రెండూ బటన్ నొక్కితే వినిపిస్తాయి. మరాఠీ అక్షరం 24 పాయింట్లయితే తెలుగు 28 కావాలి, వరసల మధ్య దూరం అక్షరానికి 1.6 రెట్లు. అంతకంటే దగ్గరైతే పై వరస వత్తులు కింది వరస గుడుల్లో ఇరుక్కుని కళ్లు లాగుతాయి. ఒక లేబుల్‌కు 60 మాటలు మించకూడదు. 'క్రీ.పూ.' ఎక్కడా వాడలేదు. అంతా 'ఇన్నేళ్ల కింద' అనే, ఎందుకంటే నేల మీది గీత అట్లాగే లెక్కిస్తుంది.

మిరుగు దాటాక

మొదటి వానకే గదిలో తేమ 40 శాతం నుంచి 85కు ఎగబాకింది. రాతి పనిముట్లకు పరవాలేదు. శిలాజాల్లో పైరైట్ (ఇనుము, గంధకం కలిసిన ఖనిజం) ఉన్నవి 60 దాటితే పగిలి పొడిపొడిగా రాలతాయి, వాటిని 50 లోపు ఉంచాలి. ఇనుముకు ఇంకా కష్టం. సమాధుల్లోంచి వచ్చిన ఇనుప గొడ్డలిలో ఉప్పు దాగి ఉంటుంది, తేమ తగలగానే నారింజ రంగు బొట్లు చెమర్చి పెచ్చులు లేస్తాయి; దాన్ని 20 శాతం లోపే ఉంచాలి. 60×60×45 సెం.మీ. పెట్టెకు ఘనపు మీటరుకు 20 కిలోల లెక్కన 3.2 కిలోల సిలికా జెల్ వేశాం. నారింజ రంగుది, తడిస్తే ఆకుపచ్చ అవుతుంది. నీలం రంగుదానిలో కోబాల్ట్ ఉంటుంది, అది తీసుకోకండి. పచ్చబడిన దాన్ని ఓవెన్‌లో 110 డిగ్రీల దగ్గర నాలుగైదు గంటలు ఆరబెట్టి మళ్లీ వాడుకోవచ్చు.

ఖాళీ పెట్టెలో తేమను తనంతట తానే రాసుకునే డేటా లాగర్ పెట్టి చూస్తున్నాం. ఇప్పటికి తలుపు మూల దగ్గర నుంచి గాలి జొరబడుతోంది, జెల్ వారంలోనే పచ్చబడుతోంది. సిలికాన్ గాస్కెట్ మందం 3 నుంచి 5 మి.మీ.కు మార్చి, తాళం రెండు చోట్ల బిగించే పని నడుస్తోంది. మూడు వారాలు వరసగా 20 లోపు నిలబడితేనే ఇనుప గొడ్డలి లోపలికి వస్తుంది. అప్పటిదాకా ఆ చోట దాని ఫొటో, పక్కన ఈ కారణం రాసిన లేబులు ఉంటాయి.